సైకియాట్రీ వార్డుకి ఒక షుగర్ సిస్టర్ కావాలి: వైద్య ఆరోగ్య శాఖ పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను గుంటూరులో ఉంటాను. 31 ఏళ్లు నర్సుగా పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. అందులో చివరి 11 ఏళ్లు షుగర్ ఓపీలోనే గడిచాయి. పేషెంట్లు నా పేరు మర్చిపోయి షుగర్ సిస్టరమ్మ అనే పిలిచేవాళ్లు, ఇప్పటికీ అరండల్‌పేటలో కూరగాయలు కొంటుంటే ఎవరో ఒకరు ఆపి, చెప్పు విప్పి, కాలి మీద పుండు చూపించి ఏం చేయమంటారని అడుగుతారు. ఈ ఉత్తరంలో ఏ ఆసుపత్రి పేరూ రాయను, ఎవర్నీ ఇరికించాలన్న ఉద్దేశం నాకు లేదు. ఒక పోస్టు అడగడానికి రాస్తున్నా. ప్రతి పెద్దాసుపత్రిలో సైకియాట్రీ వార్డుకీ ఓపీకీ కలిపి, షుగర్ జబ్బు గురించి క్షుణ్ణంగా తెలిసిన ఒక సీనియర్ నర్సుని ప్రత్యేకంగా వేయండి. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి. పేషెంట్లని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను, జరిగింది మాత్రం మార్చలేదు.

పల్నాడు వైపు నుంచి వచ్చిన అబ్బాయి, ముప్పై దాటాయి. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. దానికి ఓలాంజపిన్ అనే మందు మీద ఉన్నాడు, మూడేళ్లలో 58 కిలోల మనిషి 81 అయ్యాడు, షుగర్ వచ్చింది, ఇన్సులిన్ కూడా మొదలుపెట్టారు. తిండిలో ఎవరో విషం కలుపుతున్నారని అతని భయం. ఆ రోజు రాత్రి ఏడున్నరకి ఇన్సులిన్ టైమైందని ఇన్సులిన్ ఇచ్చేశారు. భోజనం కంచం మంచం కింద అలాగే ఉండిపోయింది, మెతుకు ముట్టలేదు. అర్ధరాత్రి దాటాక లేచి అరవడం, పక్క మంచం వాళ్లని తోసేయడం, సెలైన్ స్టాండు లాగేయడం. అందరూ ఏమనుకుంటారు? జబ్బు తిరగబెట్టిందనే అనుకుంటారు. నలుగురు పట్టుకుని చేతులు మంచానికి కట్టారు. నిద్ర ఇంజెక్షన్ లోడ్ చేశారు. నేను ఆ రాత్రి వేరే వార్డులో సూపర్‌విజన్‌లో ఉండి కేకలు వినపడి వెళ్లాను. అతని చొక్కా పట్టుకుంటే పిండితే నీళ్లు కారేలా ఉంది, ఒళ్లు చల్లగా ఉంది. వేలికి సూది గుచ్చి చూస్తే 38 వచ్చింది. 70 లోపు పడితేనే లో షుగర్ అంటాం, 38 అంటే మెదడుకి అన్నం లేనట్టే. 25 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు ఎక్కించాం. కొద్ది నిమిషాల్లో కళ్లు నిలిచాయి. కట్టేసిన చేతుల వంక చూసుకుని "మా అమ్మ ఏది?" అన్నాడు. ఆమె వరండాలో నేల మీద కూర్చుని ఏడుస్తోంది.

ఆ నిద్ర ఇంజెక్షన్ పడి ఉంటే అతను నిశ్శబ్దంగా పడుకునేవాడు. తెల్లారేదాకా లేపేవాళ్లు కాదు. ఇంక ఆ మాట పొడిగించను.

నన్ను ఇన్నేళ్లూ వదలని సంగతి మాత్రం వేరే ఉంది. డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు చిన్నపిల్ల, కాంట్రాక్టు మీద చేరి రెండేళ్లు కాలేదు. పొద్దున హ్యాండోవర్ అయ్యాక నా దగ్గరికొచ్చి చెప్పింది: "నాకు షుగర్ చూద్దామనిపించింది మేడమ్, కానీ అందరూ హడావిడిలో ఉన్నారు, నేను ఆపితే తిడతారేమోనని ఊరుకున్నా." ఆ పిల్లకి తెలియక కాదు, తెలుసు. పుస్తకంలో చదివింది, పరీక్షలో రాసింది. ఆపండి అనే ధైర్యం లేదు, ఆ హోదా లేదు. నేను సీనియర్ నర్సు అని నొక్కి రాయడానికి కారణం ఇదే. గ్లూకోమీటరు ఎవరైనా పట్టుకోగలరు. "ఆగండి సార్, ఒక్క నిమిషం, ముందు షుగర్ చూద్దాం" అని పీజీ డాక్టరుకీ, వార్డు బాయ్‌కీ, కంగారులో ఉన్న బంధువులకీ ఒకే గొంతుతో చెప్పగలిగిన మనిషి కావాలి, ఆ మాట చెప్పినందుకు మర్నాడు మెమో రాకూడదు.

ఇప్పుడు అసలు తికమక చెప్తాను. సైకియాట్రీ వార్డులో షుగర్ 400 ఉంటే మెడికల్ వార్డుకి రిఫర్ చేస్తారు. మెడికల్ వాళ్లు ఇది సైకియాట్రీ కేసు, ఇక్కడ పెట్టుకుంటే మిగతా పేషెంట్లు భయపడతారు అని ఇన్సులిన్ రాసి వెనక్కి పంపుతారు. ఆ రాసిన డోసు రోజులు గడిచినా మార్చేవాళ్లుండరు, ఎందుకంటే సైకియాట్రీ వాళ్లు అది మా సబ్జెక్టు కాదంటారు. నేను ఇద్దర్నీ తప్పుపట్టను, ఇద్దరికీ తలకు మించిన పని. కానీ మధ్యలో స్ట్రెచర్ మీద అటూ ఇటూ తిరిగేది ఒక మనిషి. ఆ మనిషి తరఫున కేస్ షీట్ చేత్తో పట్టుకుని రెండు వార్డుల మధ్యా నడిచే వాళ్లెవరూ లేరు.

స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో ఆత్మహత్యలు కొంత భాగమే, ఎక్కువ మంది పోయేది గుండెజబ్బులు, షుగర్ లాంటి మామూలు జబ్బులతోనే, అంటే మనకి వైద్యం తెలిసిన జబ్బులతో. షుగర్ వీళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. కొంత జబ్బు వల్ల, కొంత సిగరెట్ల వల్ల, కదలకుండా కూర్చోవడం వల్ల, కొంత మందుల వల్ల. క్లోజపిన్, ఓలాంజపిన్ ఈ రెండింటితో బరువు, షుగర్ పెరగడం ఎక్కువ. అలాగని ఆ మందులు చెడ్డవని నేను అనను, ఈ ఉత్తరం చదివి ఎవరూ మందు మానేయొద్దు, దండం పెట్టి చెప్తున్నా. ఆ మందు వల్లే ఇంటి నుంచి పారిపోయే కొడుకు ఇంట్లో కూర్చుని అన్నం తింటున్నాడు. కానీ ఆ మందు మొదలుపెట్టిన రోజు నుంచీ ఒకరు అతని బరువు చూస్తూ ఉండాలి.

ఎలా చూడాలో కూడా కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. 2004లోనే అమెరికాలో డయాబెటిస్ వైద్యులూ మానసిక వైద్యులూ కలిసి కూర్చుని ఒక పద్ధతి రాశారు. మందు మొదలుపెట్టే ముందు బరువు, నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి. బరువు 4, 8, 12 వారాలకి మళ్లీ, ఆ తర్వాత మూడు నెలలకోసారి. షుగర్, బీపీ 12 వారాలకి, ఆపైన ఏడాదికోసారి. దీనికి పెద్ద మిషన్లు అక్కర్లేదు, ఒక తూకం, ఒక దర్జీ టేపు, ఒక రిజిస్టరు, నెలనెలా మందులకొచ్చే మనిషిని కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడే ఓపిక ఉంటే చాలు. నేను చూసిన సైకియాట్రీ ఓపీల్లో తూకం మిషను మూలన ఉంటుంది, ఎక్కితే ముల్లు కదలదు. బరువు పెరగకుండా మొదట్లోనే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇవ్వాలా, మందు మార్చాలా అన్నది డాక్టరుగారు తేల్చాల్సిన సంగతి, కానీ ఆ ప్రశ్న డాక్టరు దాకా వెళ్లాలంటే బరువు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

రోజువారీ పనిలో ఈ నర్సు ఏం చేస్తుందో చెప్పకపోతే మీకు ఇదేదో ఇంకో కౌన్సెలింగ్ పోస్టులా కనిపిస్తుంది, అందుకని కొన్ని రాస్తున్నా.

కరెంటు షాకు అని జనం అనే ఈసీటీ సంగతి తీసుకోండి. పేషెంటు రాత్రి నుంచీ పస్తు ఉంటాడు. పొద్దున ఆరింటికి మందుల ట్రాలీ వస్తుంది, చార్టులో ఉంది కాబట్టి షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర మింగిస్తారు. ఈసీటీ లిస్టులో అతని వంతు పదకొండుకి. ఇక షుగర్ ఎక్కడికి పోతుందో చూడండి. సీనియర్ షుగర్ నర్సు ఉంటే ముందు రోజే లిస్టు చూస్తుంది, డాక్టరుతో మాట్లాడి ఆ పూట మాత్ర ఆపిస్తుంది, షుగర్ ఉన్నవాళ్లని లిస్టులో మొదటికి వేయిస్తుంది, లోపలికి తీసుకెళ్లే ముందు షుగర్ చూస్తుంది.

ఇంకోటి. చేతుల వణుకుకీ, కాళ్లు నిలకడగా లేకుండా తిరుగుతూ ఉండే బాధకీ సైకియాట్రీలో ప్రొప్రనలాల్ ఇస్తారు. మంచి మందే. కానీ లో షుగర్ వచ్చినప్పుడు మనిషిని హెచ్చరించేవి ఆ వణుకూ, ఆ గుండెదడే. ఆ మందు వాటిని అణిచేస్తుంది, చెమట మాత్రం మిగులుతుంది. ఇన్సులిన్ మీద ఉన్నవాడికి ప్రొప్రనలాల్ రాశారంటే, చెమట పడితే చాలు సూది గుచ్చి చూడండి అని వార్డులో అందరికీ, ముఖ్యంగా తల్లికో భార్యకో చెప్పిపెట్టే మనిషి ఉండాలి.

దాహం గురించి తప్పకుండా చెప్పాలి. ఒక పెద్దావిడ, ఎన్నో ఏళ్లుగా మానసిక జబ్బు, బాత్రూం కొళాయి దగ్గర నిలబడి దోసిళ్లతో నీళ్లు తాగుతూనే ఉండేది. నీళ్ల పిచ్చి పట్టిందని కొళాయి కట్టేశారు. ఈ జబ్బులో అతిగా నీళ్లు తాగడం నిజంగానే ఉంటుంది, కాబట్టి అలా అనుకున్నవాళ్లది పూర్తి తప్పు కాదు. లిథియం అనే మానసిక జబ్బు మందు వాడేవాళ్లకి షుగర్ లేకుండానే దాహం, మూత్రం ఎక్కువవుతాయి, అది మూత్రపిండం మీద మందు పనితనం. మూడు కారణాలూ బయటికి ఒకేలా ఉంటాయి. ఆవిడది మూడోది, షుగర్. మత్తుగా పడుకుంటే మందుల మత్తు అనుకున్నారు. చివరికి చూస్తే 560. దాహం వేసిన మనిషికి నీళ్లు కట్టేసిన రోజులు అవి, నాకు తలుచుకుంటేనే గొంతు ఎండిపోతుంది. షుగర్ చూసే ఒక్క స్ట్రిప్ ఖరీదు ఎంతని!

ఇన్సులిన్ సిరంజి తికమక మీకు తెలిసే ఉంటుంది. మన ఆసుపత్రుల్లో సీసా 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. బయట కొన్నదో ఎవరో ఇచ్చిందో 100 యూనిట్ల సిరంజి, నారింజ మూతది, ఇంటికొస్తుంది. ఒకదానికి ఒకటి వాడితే డోసు రెండున్నర రెట్లు అటో ఇటో మారిపోతుంది. మామూలు ఇంట్లోనే ఇది జరుగుతుంటుంది, మతి సరిగా లేని కొడుక్కి అక్షరం ముక్క రాని తల్లి ఇన్సులిన్ ఇచ్చే ఇంట్లో ఎంత జాగ్రత్త కావాలి? నేను ఒకామెకి మూడు పూటలు కూర్చోబెట్టి నేర్పించాను, ఎర్ర మూత అంటే కుంకుమ రంగు అని. ఆమె ఇంక తప్పు చేయలేదు. ఇంట్లో ఫ్రిజ్ లేదు, మే నెలలో బెజవాడ ఎండలు మీకు తెలుసు, వాడుతున్న సీసాని డబ్బాలో పెట్టి నీళ్లు చల్లిన మట్టికుండలో దాచడం, నెల దాటితే పారేయడం, ఇవన్నీ చేత్తో చేసి చూపించాలి. డిశ్చార్జ్ కాగితం మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాస్తే అవదు. ఇంట్లో మనసు బాగోలేని మనిషి ఉన్నప్పుడు ఇన్సులిన్ సీసా ఎవరి దగ్గర ఉండాలో, ఎవరు లెక్క చూసుకోవాలో కూడా ఆ నర్సే మెల్లగా కుటుంబంతో మాట్లాడాలి. అందరికీ ఇబ్బందిగా ఉండే మాట అది, అందుకే ఎవరూ ఎత్తరు.

తిండి అనుమానం ఉన్నవాళ్లకి మొదట చెప్పిన అబ్బాయికి చేసినట్టు గడియారం చూసి ఇన్సులిన్ ఇవ్వకూడదు. అతనికి డాక్టరుగారిని అడిగి, త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కి మార్పించి, కంచం ఖాళీ అయ్యాక ఇచ్చేలా రాయించుకున్నాం. వాళ్లమ్మ మొదట తనే ఒక ముద్ద తిని చూపించి అప్పుడు అతనికి పెట్టేది. తర్వాత ఆ వార్డులో అతనికి మళ్లీ లో షుగర్ రాలేదు. ఇది పెద్ద వైద్యం కాదు, రెండు జబ్బుల్నీ ఒక మనిషిలో చూడటం.

అటువైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే నా ఓపీకి అన్యాయం చేసినదాన్నవుతాను. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ మామూలువాళ్లకంటే దాదాపు రెండింతలు. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో లెక్క చెప్పింది, ఇంక మీరే ఊహించండి. నా దగ్గరికి టైప్ 1, అంటే ఇన్సులిన్ లేనిదే బతకలేని రకం షుగర్ ఉన్న ఒక అమ్మాయి వచ్చేది, ఇరవై రెండేళ్లు, విజయవాడలో కాలేజీ. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 13 ఉంది, అంటే చాలా ఎక్కువ. కేస్ షీట్ మీద మందులు సరిగా వాడదు అని ఎవరో పెద్ద అక్షరాలతో రాశారు. ప్రతిసారీ ఎవరో ఒకరు తిట్టేవాళ్లు, మొదట్లో నేనూ తిట్టాను. ఒకరోజు ఓపీ అయిపోయాక కుర్చీ జరుపుకుని, రెండు వారాలుగా మనసెలా ఉంది, దేనిమీదైనా ఆసక్తి తగ్గిందా అని అడిగాను. అంతే, ఏడుపు ఆగలేదు. సంబంధాలు చూస్తున్నారు, ఇన్సులిన్ సంగతి బయటపడకూడదని ఇంట్లోవాళ్లు చుట్టాలొచ్చినప్పుడు సూది వేసుకోనివ్వడం లేదు, ఈ పిల్లకి బతకాలని లేదు. ఆ కేస్ షీట్ మీద రాసిన మాటని నేను కొట్టేశాను. అదే రోజు సైకియాట్రీ డాక్టరు దగ్గరికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను, చీటీ రాసి పంపితే వెళ్లేది కాదు. ఇలాంటి ఆలోచనలున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే 14416కి ఫోన్ చేయండి తల్లీ, టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, పైసా ఖర్చు లేదు, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు.

చట్టం గురించి మీకు నేను చెప్పేంతదాన్ని కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 నుంచి అమల్లో ఉంది. శరీరానికి జబ్బు చేసినవాళ్లతో సమానంగా మానసిక జబ్బు ఉన్నవాళ్లకీ వైద్యం అందాలని సెక్షన్ 21లో ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఒకటి ఉంది, షుగర్, బీపీ, క్యాన్సర్ల కోసం ఎన్‌సీడీ కార్యక్రమం ఇంకొకటి ఉంది. రెండింటికీ సిబ్బంది ఉన్నారు, రిజిస్టర్లున్నాయి, మీటింగులున్నాయి. ఒకే పేషెంటు పేరు రెండు రిజిస్టర్లలో ఉంటుంది, ఆ రెండు రిజిస్టర్లూ ఒక బల్ల మీదికి రావు. నేను అడిగే నర్సు ఆ రెండింటినీ ఒక బల్ల మీద పెడుతుంది.

స్టాఫే లేరు, ఇంకో పోస్టా అంటారని తెలుసు. నర్సులు చాలరన్న మాట 31 ఏళ్లూ నేను అన్న మాటే, మీకంటే గట్టిగా అన్నాను. కానీ ఈ పనికి కొత్త కోర్సు పెట్టి, కొత్త భవనం కట్టి మొదలుపెట్టాల్సిన పని లేదు. మన మెడికల్ వార్డుల్లో పదిహేను, ఇరవై ఏళ్లుగా ఇన్సులిన్ ఇస్తున్న నర్సులున్నారు, షుగర్ పుండు వాసన బట్టి ఎంత లోతుందో చెప్పగలిగిన వాళ్లున్నారు. వాళ్లలో ఇష్టమున్న ఒకరిని ఎంచుకుని, కొన్ని నెలలు సైకియాట్రీలో శిక్షణ ఇప్పించి, ఆ పని మీదే ఉంచండి. బ్రిటన్‌లో డయాబెటిస్ స్పెషలిస్ట్ నర్స్ అనేది ఎప్పటినుంచో ఉన్న ఉద్యోగం, అక్కడ కొన్ని మానసిక ఆసుపత్రులు తమకంటూ ఒక నర్సుని పెట్టుకున్నాయి కూడా.

ఒక్కటి మాత్రం చేయొద్దు, ఉన్న హెడ్ నర్సు నెత్తిన ఇదీ వేసి ఆర్డర్ ఇచ్చి చేతులు దులుపుకోవద్దు. దుప్పట్ల లెక్క, ఇండెంట్లు, డ్యూటీ చార్టు, వీఐపీ వస్తే వార్డు కడిగించడం, ఇవన్నీ చూసే మనిషికి పేషెంటు పక్కన కూర్చునే తీరిక ఎక్కడిది? ఆ పోస్టుకి వేరే పేరు ఉండాలి, దానికి తగ్గ గ్రేడు ఉండాలి. డాక్టర్లు ముందే సంతకం పెట్టిన రాతపూర్వకమైన పద్ధతి ప్రకారం ఇన్సులిన్ నాలుగైదు యూనిట్లు తగ్గించే, ఒక పూట ఆపే అధికారం ఉండాలి. స్ట్రిప్పులు సైకియాట్రీ వార్డు పేరు మీదే రావాలి, పక్క వార్డుకెళ్లి అడుక్కోవడం ఉండకూడదు. పని నేర్చుకునేసరికి బదిలీ చేయకండి. ఊళ్లలో విలేజ్ క్లినిక్కుల్లో ఉన్న ఎంఎల్‌హెచ్‌పీలు, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు, నర్సింగ్ చదువుకున్న పిల్లలే, ఇంటికి పంపిన పేషెంటు పేరూ, బరువూ, వాడే మందూ ఫోన్ చేసి చెప్పి, మూడు నెలల తర్వాత మళ్లీ బరువు చూడమని అడిగితే వాళ్లు చేస్తారు. నేను అడిగినప్పుడల్లా చేశారు.

రాష్ట్రమంతా ఒకేసారి పెట్టమని అడగను. గుంటూరులో ఒకటి, విజయవాడలో ఒకటి, ఏడాది పాటు పెట్టి చూడండి. ఆ ఏడాదిలో సైకియాట్రీ వార్డు నుంచి షుగర్ పడిపోయో పెరిగిపోయో ఎంతమంది ఐసీయూకి వెళ్లారో, అంతకుముందు ఏడాది ఎంతమంది వెళ్లారో కేస్ షీట్లు తీసి లెక్కపెట్టండి.

ఆ నర్సుకి పని నేర్పడానికి మనిషి కావాలంటే నేనున్నాను. ఇల్లు గుంటూరులోనే, విజయవాడకి బస్సులో గంటన్నర, మోకాళ్లు ఇంకా సహకరిస్తున్నాయి. వారానికి రెండు రోజులు వస్తాను, జీతం వద్దు. ఆ రాత్రి ఊరుకున్న పిల్ల ఇప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తోంది, సర్వీసు పెరిగింది, ఈమధ్య ఫోన్ చేసి "ఇప్పుడైతే ఆపుతాను మేడమ్" అంది. అవకాశం ఉంటే మొదటి పోస్టుకి ఆమెని కూడా పిలిచి అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
గుంటూరు